పిన్ని గొంతు

విద్యార్థినుల వసతిగృహం, మూడో అంతస్తు
వానలు మొదలైన వారం

పిన్నీ,

నువ్వు ఎత్తవని తెలిసి కూడా మొన్న ఫోన్ చేశాను. "రోజంతా గొంతు అమ్ముకుని ఇంటికొస్తాను, మళ్లీ ఫోన్లో వాగమంటే నావల్ల కాదే, ఏదైనా ఉంటే రాయి" అని నా చిన్నప్పటి నుంచీ చెబుతున్నావు కదా, అందుకని బుద్ధిగా కాగితం ముందు కూర్చున్నాను. ఈ కాలంలో ఉత్తరాలు రాసే పిల్లని నేనొక్కదాన్నే అని ఇక్కడ అందరూ నవ్వుతారు. నవ్వనీ.

ఒక తప్పు చేశాను. తప్పో కాదో నువ్వే చెప్పు. ఈసారి మాకు టీవీల గురించీ ఆడవాళ్ల గురించీ ఒక పాఠం ఉంది. మా మేడమ్ ఒక కార్యక్రమం చూపించి దాని మీద మాట్లాడమన్నారు. ప్రపంచంలో ఇన్ని కార్యక్రమాలుండగా ఆవిడకి నువ్వు గొంతిచ్చే ఆ సాయంత్రం నేరాల కార్యక్రమమే దొరికింది. ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తూ దెబ్బలు తిన్న ఒక అమ్మాయి కథ. ఆ వేళప్పుడు ఒంటరిగా ఏం పని అని నీ గొంతు అడుగుతోంది. కొట్టినవాడిని ఏమీ అడగలేదు.

నేను లేచి చెప్పాను. "తిట్టేది మగగొంతయితే అది తిట్టేనని అందరికీ తెలిసిపోతుంది. అదే ఆడగొంతయితే, మన మంచి కోరే పెద్దావిడ ఎవరో చెబుతున్నట్టుంటుంది. ఆడవాళ్లని అదుపులో పెట్టడానికి అందుకే ఆడగొంతు వాడుకుంటారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. మేడమ్ నా మాట బోర్డు మీద రాశారు. ఆ గొంతు మా పిన్నిదని, నాకు జ్వరమొస్తే తలదగ్గర కూర్చుని కథలు చెప్పింది ఆ గొంతేనని మాత్రం చెప్పలేదు.

అక్కడ అమ్మ సంగతి నీకు తెలిసిందే. కుట్టుమిషన్ తొక్కుతున్నంతసేపూ టీవీ మోగుతూనే ఉంటుంది. నీ గొంతు రాగానే కొలతలివ్వడానికొచ్చిన వాళ్లకి "మా చెల్లెలే" అని చెప్పుకుంటుంది. ఫోను ఎక్కువ చూసే పిల్లలు చెడిపోతారని నువ్వు చెప్పిన మర్నాడే నా ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది, గుర్తుందా? "పిన్ని ఊరికే చెప్పదు" అంది.

నా పక్క మంచం అమ్మాయి గురించి రాశానా? ఇళ్లు కట్టే చదువు చదువుతోంది. జేబులో ఎప్పుడూ కొలిచే టేపు ఉంటుంది కాబట్టి ఆమె పేరే టేపు అయిపోయింది. వచ్చిన రోజే మా గది కొలిచి, కిటికీ మరీ కిందికుందని, కట్టినవాడు మోకాళ్ల మీద నడిచే రకమని తేల్చింది. నీకు నచ్చుతుంది.

నీ తింగరి

*

స్టూడియో వరండా, బెంచీ మీద

తింగరీ,

క్లాసులో నన్ను ఉతికి ఆరేశావన్నమాట. పోనీలే, బోర్డు మీదకెక్కాను, మా ప్రొడ్యూసరుకి చెబితే జీతం పెంచమని అడగొచ్చు.

కోపం రాలేదు అంటే అబద్ధం. రెండు రోజులు నీ ఉత్తరం మళ్లీ తెరవలేదు. తర్వాత తెరిచాను. నువ్వన్నది నిజమే, కానీ నా గది ఎలా ఉంటుందో నీకు తెలియాలి. ఒక కుర్చీ, ఒక మైకు, ఒక అద్దం. అద్దానికి అవతల ప్రొడ్యూసరు. నాకు బొమ్మలు చూపించరు. ఎవరు దెబ్బ తిన్నారో, ఎవరు ఏడుస్తున్నారో నేను చూడను. కాగితం ఇస్తారు, చదువుతాను, ఇంకో కాగితం ఇస్తారు. మాట పక్కనే ఎలా చదవాలో రాసి ఉంటుంది. జాలిగా, భయంగా, వెటకారంగా. సొంత అభిప్రాయం ఉంటే గొంతులో దొరికిపోతుందట, దాన్ని ఇంట్లో పెట్టి రమ్మంటాడు. అలా పెట్టి పెట్టి, ఇప్పుడు ఇంట్లో వెతికినా దొరకడం లేదు.

మీ బాబాయి వెళ్లిపోయిన ఏడాది నాకు తిండి పెట్టింది ఈ గొంతే. అది నీకు మీ మేడమ్ చెప్పి ఉండరు. ఆడదాని గొంతు వాడుకుంటున్నారని మీరు క్లాసులో అంటారు. వాడుకోకపోతే ఆ నెల నేనేం తినేదాన్ని? ఇది వాదన కాదులే, ఊరికే అడిగాను.

ఈ మధ్య మా వాళ్లకి పిచ్చి ముదిరింది. అర్థం పర్థం లేని వాక్యాలు పుస్తకం పుస్తకం చదివిస్తున్నారు. "ఎర్ర తలుపు నీలం గోడని చూసి నవ్వింది." అది నవ్వుతూ ఒకసారి, ఏడుస్తూ ఒకసారి, గుసగుసగా ఒకసారి. మైకు పరీక్షట. నిన్నంతా తలుపులూ గోడలూ నవ్వుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి నేనూ నవ్వాను.

సరే గానీ, ఆ టేపు ఎవరే? ఉత్తరం చివర నాలుగు ముక్కలే రాశావు కానీ ఆ నాలుగు ముక్కల్లోనే నీ రాత మారింది. ఏమిటి సంగతి?

పిన్ని

*

వసతిగృహం, మెట్ల దగ్గర

పిన్నీ,

సంగతి అడిగావు. చెప్పకుండా ఉండలేను, చెప్పి నిన్ను పోగొట్టుకుంటానేమోనన్న భయం కూడా ఉంది. చెప్పేస్తున్నాను.

నాకు టేపంటే ఇష్టం. స్నేహం కొద్దీ ఇష్టం కాదు. మనుషులు ఎవరితో బతకాలనుకుంటారో ఆ ఇష్టం. తనకీ అంతే. మొన్న వానలో మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన, అమ్మ కుట్టిన పసుపు రెయిన్‌కోటు కింద ఇద్దరం దూరాం. ఆ కోటు ఒక్కరికే సరిపోదు, జేబేమో వీపు మీద ఉంది. నా పుస్తకాలు తడవకూడదని అమ్మ అక్కడ కుట్టింది. టేపు ఆ జేబు చూసి పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. అప్పుడు నాకు తెలిసింది. ముందే తెలిసి ఉంటుంది, ఒప్పుకున్నది అప్పుడు.

ఇంత సంతోషం ఎవరికైనా చెప్పాలి కదా. మా స్త్రీల చర్చాబృందంలో చెప్పాను. వారం వారం కూర్చుని స్వేచ్ఛ గురించి మాట్లాడతాం, అక్కడ చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాను అనుకున్నాను. అందరూ కాసేపు టీ కప్పుల్లోకి చూశారు. మా సీనియర్ ఉంది, చాలా బాగా మాట్లాడుతుంది. "నాకేం అభ్యంతరం లేదు, కానీ ముందు ఆడవాళ్ల సమస్యలు తేలనిద్దాం. ఇప్పుడు ఇది ఎత్తుకుంటే మనందరినీ అదే గాట కట్టేస్తారు" అంది. నేను ఆడదాన్ని కానట్టు. తర్వాత విడిగా వచ్చి భుజం తట్టి జాగ్రత్త అని కూడా చెప్పింది. ఆ తట్టడమే ఎక్కువ నొప్పెట్టింది.

ఒక మాట చెబితే బాధపడకు. మాలాంటివాళ్ల గురించి నాకు తెలిసిన మాటలు ఏమిటా అని కూర్చుని ఆలోచించాను. వింత. వికృతం. దారి తప్పిన. అన్నీ నీ గొంతులోనే నా చెవిన పడ్డాయి. చిన్నప్పుడు లెక్కలు చేసుకుంటూ విన్నాను. నేనేమిటో నాకు తెలియకముందే నువ్వు చెప్పేశావు. నింద వేయడానికి రాయడం లేదు. సరే, నిందే అనుకో.

అమ్మకి చెప్పకు. నువ్వేమనుకుంటున్నావో మాత్రం నాకు రాయి. ఏదైనా సరే రాయి.

తింగరి

*

మా ఇల్లు, పొద్దున

తింగరీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ పని చేస్తూనే ఉన్నాను గానీ మనసు మనసులో లేదు. నాకు ఇవన్నీ తెలియవు. అర్థం చేసుకున్నానని రాస్తే నటించినట్టే. నటించడం నా వృత్తి, నీ దగ్గర కూడా దేనికి?

భయమేసింది. ముందు నీ గురించి, తర్వాత మా అక్క గురించి, ఆ తర్వాత నలుగురి గురించి. ఆ వరసలోనే వేసింది, అందుకు సంతోషించు. నువ్వు నా చేతుల్లో పెరిగావు. నిన్ను పోగొట్టుకునేంత పెద్ద సంగతి ఏదీ నాకు కనబడటం లేదు. ఇంతకంటే బాగా చెప్పడం రాదు. కొంచెం టైమివ్వు.

ఇంకెవరికీ చెప్పకు. మిద్దె మీదకి వెళ్లకండి, చుట్టూ ఎన్ని కిటికీలుంటాయి! ఆ పిల్లని అడిగానని చెప్పు. నవ్వే పిల్ల అంటున్నావు కాబట్టి మంచిదే అయ్యుంటుంది.

ఇది పోస్టు డబ్బాలో వేసి పనికి వెళ్లాలి.

పిన్ని

*

అమ్మ ఇల్లు, వెనక గది

పిన్నీ,

నీ ఉత్తరం అందింది. దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. అందిన మర్నాడు సాయంత్రం మీ కార్యక్రమం వచ్చింది.

ఎదురు బిల్డింగు కిటికీలోంచి ఎవరో తీశారు. ముఖాలు మసక చేశారు, ఎంత మర్యాదో! పసుపు కోటు మాత్రం మెరిసిపోతోంది. మేం భోజనాల హాల్లో ఉన్నాం, టీవీ పెద్దగా పెట్టి ఉంది. ట్యాంకు కనబడింది, మా మిద్దె కనబడింది. ఒక్కొక్కరే తలలు తిప్పి మావైపు చూడటం మొదలుపెట్టారు. టేపు నా చెయ్యి పట్టుకుంది, తర్వాత వదిలేసింది. అప్పుడు నీ గొంతు వచ్చింది.

"చదువుకోమని పంపితే వీళ్లు చదువుతున్న పాఠం ఇదీ! అమ్మాయికి అమ్మాయే తోడట. మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్ల ఉందేమో, తల్లులారా, ఒకసారి కళ్లు తెరిచి చూసుకోండి."

తోడట దగ్గర చిన్నగా నవ్వావు పిన్నీ. హాలంతా నీతో పాటు నవ్వింది.

అమ్మ కళ్లు తెరిచి చూసుకుంది. ముఖం ఎంత మసక చేసినా వీపు మీద జేబు ఉన్న కోటు లోకంలో ఒకటే ఉంది, దాన్ని అమ్మే కుట్టింది. పొద్దున్నే వచ్చి నన్ను తీసుకొచ్చేసింది. వార్డెన్ నా పెట్టె ముందే గేటు దగ్గర పెట్టించింది. టేపుని అంతకు ముందే వాళ్ల నాన్న, అన్నయ్య వచ్చి తీసుకుపోయారు. వెళ్తూ మెట్ల మలుపులో వెనక్కి చూసింది, ఏదో అంది, జనంలో నాకు వినబడలేదు.

అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. దారిలో బస్సులో ఒక్క మాటే అంది. "ఊరంతటికీ తెలిసిన సంగతి నాకు పిన్ని చెబితే తెలిసింది." ఫోను తీసేసుకుంది. నీకు ఉత్తరాలు రాయడానికి మాత్రం అడ్డు చెప్పదు. "రాయి, పిన్ని బుద్ధి చెబుతుంది" అంటుంది. చదవకుండానే పోస్టు చేస్తుంది.

ఒకే ఒక్కటి అడుగుతున్నాను. అది చదివేటప్పటికి నా ఉత్తరం నీ దగ్గరుందా?

*

మా ఇల్లు

తింగరీ,

ఉంది.

నా సంచీలోనే ఉంది. పొద్దున నీకు జవాబు పోస్టు చేశాను, మధ్యాహ్నం ఆ కాగితం చదివాను. ఇద్దరు విద్యార్థినులు అని ఉంది, పేర్లు లేవు, ఊరు లేదు. కోటు సంగతి లేదు. అది నువ్వని నాకు తెలియదు. ఇక్కడ ఆపేస్తే నువ్వు నన్ను క్షమిస్తావేమో. కానీ ఆపను.

నువ్వని తెలియదు, నీలాంటి పిల్లలని తెలుసు. చదువుతుంటే నువ్వు గుర్తొచ్చావు. గుర్తొచ్చి గొంతు ఒకచోట తడబడింది. అద్దం అవతల నుంచి ప్రొడ్యూసరు "ఏంటమ్మా, డల్లుగా ఉంది, ఆ తోడట దగ్గర కొంచెం నవ్వండి" అన్నాడు. నవ్వాను. ఎవరో పరాయి పిల్లలు కదా, నా పిల్ల క్షేమంగానే ఉంది కదా అనుకుని నవ్వాను. ఇన్నేళ్లుగా నేను చదివిన ప్రతి పిల్లా ఎవరికో ఒకరికి తింగరే అయ్యుంటుందని ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు తెలిస్తే ఎవరికి లాభం?

నిన్న వెళ్లి మానేస్తున్నానని చెప్పాను. ప్రొడ్యూసరు ఆశ్చర్యపోలేదు, బతిమాలలేదు. "మీ ఇష్టమమ్మా, ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు. ఇన్నేళ్ల మనిషిని అంత తేలిగ్గా వదిలేశాడేమిటా అని దారంతా అనుకున్నాను.

ఇంక ఆ గదిలోకి వెళ్లను. నీ గురించి నా నోట ఒక్క చెడ్డ మాట రాదు. అక్కతో నేను మాట్లాడతాను. నువ్వు తిను, నిద్రపో. తిట్టాలనుంటే తిట్టు, రాయడం మాత్రం మానకు.

పిన్ని

*

అమ్మ ఇల్లు, వెనక గది

పిన్నీ అని పిలవాలని కూడా లేదు.

మానేశానని రాశావు. ఆ గదిలోకి వెళ్లనన్నావు. ఆ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో తెలుసా, ఎన్నాళ్లకో కడుపు నిండా తిన్నాను. ఇక నాకు ఒక మనిషి ఉంది అనుకున్నాను. నిన్న సాయంత్రం రెండో భాగం వచ్చింది.

నీ గొంతే. మొదటిసారి నవ్వావు, ఈసారి జాలిపడ్డావు. "ఒక అమ్మాయి తప్పు తెలుసుకుంది. రెయిన్‌కోటు వేసుకున్న పిల్లే తనని ఈ దారిలోకి లాగిందని కన్నీళ్లతో చెప్పింది." టేపు నిజంగా అలా అందా? అనమని కొడితే అందా? అసలు అనకుండానే మీ వాళ్లు రాసుకున్నారా? ఎవరిని అడగను? ఆమె ఇంటి చిరునామా కూడా నాకు తెలియదు. ఆమె నోట నేను విననిది నీ నోట విన్నాను, అది నమ్మి తీరాల్సినట్టుగా చదివావు.

ఆ తర్వాత ఒక చోటు గురించి చెప్పావు. పిల్లల మనసు బాగుచేసే కేంద్రమట. "ఇది జబ్బు మాత్రమే, తల్లులారా, దీనికి వైద్యం ఉంది. ఆలస్యం చేయకండి." కింద నంబరు వచ్చింది. అమ్మ కుట్టుమిషన్ ఆపింది, బట్ట మీద గీసే సుద్దముక్కతో ఆ నంబరు బల్ల మీద రాసుకుంది, ఫోన్ చేసింది. సోమవారం మధ్యాహ్నం బండి పంపిస్తారట. ఎన్నాళ్లు ఉంచుకుంటారని అమ్మ అడిగితే, బాగయ్యే వరకు అన్నారట.

"అమ్మా, నాకు జబ్బు లేదు" అన్నాను. కాళ్లు పట్టుకున్నాను.

"జబ్బున్నవాళ్లు అలాగే అంటారు. మీ పిన్ని నీ శత్రువా? నిన్ను ఎత్తుకు పెంచింది. అదే చెబుతోంది కదా వైద్యం చేయించమని" అంది. అమ్మ కళ్లల్లో ద్వేషం లేదు. అది ఉంటే నేను పోట్లాడి ఉండేదాన్ని. నన్ను బాగుచేసుకోవాలన్న ఆశ ఉంది. దానితో ఎలా పోట్లాడాలో మా పాఠాల్లో లేదు.

క్లాసులో నేనన్న మాట గుర్తుందా, మన మంచి కోరే పెద్దావిడ గొంతని? చప్పట్లు కొట్టారు. ఆ మాట ఇప్పుడు మా ఇంట్లో తిరుగుతోంది. నాకున్న కొద్ది చదువూ, నేను రాసిన పేజీలూ అమ్మ నిన్న రాత్రి ఈ గదికి వేసిన తాళం తీయలేవు.

నాకు చావాలని లేదు పిన్నీ. భయపడకు. కానీ ఆ చోటు నుంచి నేను నేనుగా బయటికి రాను. వచ్చేది వేరే ఎవరో, అమ్మకి నచ్చే మనిషి. నేను ఉండగానే నేను లేకుండా పోవడం ఇది.

ఎందుకు అబద్ధం రాశావు?

*

మా ఇల్లు, ఆదరాబాదరాగా

తింగరీ,

అబద్ధం కాదు. చదివి నవ్వకు. అది నేను కాదు.

నీ ఉత్తరం అందగానే స్టూడియోకి పరిగెత్తాను. ప్రొడ్యూసరు కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు, చూపించాడు. ఒక కుర్రాడు కంప్యూటర్లో మాటలు కొడుతున్నాడు, అది నా గొంతుతో చదువుతోంది. ఎర్ర తలుపులూ నీలం గోడలూ అందుకేనే. మైకు పరీక్ష కాదు. నా నవ్వు, నా ఏడుపు, నా గుసగుస అన్నీ పట్టి దాచుకున్నారు. సంతకం కూడా పెట్టానట, ఏదో కాగితంలో ఉందట. నేను చదవని కాగితం అదొక్కటే. "మీరెళ్లిపోయినా మీరు మాతోనే ఉంటారమ్మా" అన్నాడు. మంచి మాట చెప్పినట్టే చెప్పాడు. ఆ కేంద్రం వాళ్లు వీళ్లకి ప్రకటనలిచ్చేవాళ్లే, ఆ సంగతీ దాచలేదు.

అరిచాను. అద్దానికి అవతల నిలబడి నేను అరుస్తుంటే ఇవతల నా గొంతు నింపాదిగా ఎవరికో బుద్ధి చెబుతోంది.

మా అక్కకి ఫోన్ చేశాను. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అక్కా, టీవీలో చెప్పింది నేను కాదే."

"నీ గొంతు నాకు తెలీదా? పుట్టినప్పటి నుంచీ వింటున్నాను."

"అది మిషనే! నా గొంతుని మిషన్లో పెట్టేశారు. పిల్లని ఎక్కడికీ పంపకు."

అక్క మెల్లగా అంది. "అలా అయితే ఇప్పుడు ఫోన్లో మాట్లాడేది నువ్వో మిషనో నాకెలా తెలుస్తుంది? టీవీలో చెప్పేదే బాగుంది, దాని మాటకి ఒక పద్ధతుంది. నువ్వేమో ఏడుస్తున్నావు." పెట్టేసింది.

అందుకే వస్తున్నాను. ఇది నాకంటే ముందు చేరుతుందో వెనక చేరుతుందో తెలియదు. గొంతు సాక్ష్యం చెప్పదు కాబట్టి మనిషినే వస్తున్నాను.

పిన్ని

*

తలుపుకి లోపల, సోమవారం

పిన్నీ,

వచ్చావు. తలుపు సందులోంచి నీ కాళ్లు కనబడుతున్నాయి. అమ్మ నీతో అన్నదీ వినబడింది, "దానితో మాట్లాడి ఇంకా చెడగొట్టకు, కావాలంటే రాసుకోండి, మీకలవాటేగా" అని. అందుకని ఈ చీటీ కిందనుంచి తోస్తున్నాను.

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. ఇందాక రెండు భాగాలూ కలిపి మళ్లీ వేశారు. గోడకి చెవి ఆనించి విన్నాను. మొదటిదానిలో నువ్వు, రెండోదానిలో మిషను. తేడా పట్టుకుందామని చూశాను, పట్టుకుంటే నిన్ను నమ్మొచ్చని. నాకు దొరకలేదు. నిన్ను బాధపెట్టడానికి కాదు, నిజం కాబట్టి రాస్తున్నాను. నువ్వు మనసు ఇంట్లో పెట్టి చదివావు, దానికి మనసే లేదు, వినేవాళ్లకి రెండూ ఒకటే.

అయినా నమ్ముతున్నాను. బస్సు దిగి ఇంత దూరం వచ్చావు కాబట్టి నమ్ముతున్నాను. అమ్మని ఆపు. బండి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది.

*

తలుపుకి బయట

తింగరీ,

ఆపుతున్నాను, ఆగడం లేదు. తాళంచెవి చేతిలో పెట్టుకుని అక్క కుట్టుమిషన్ ముందు కూర్చుంది. "అక్కా, ఇన్నేళ్లూ నేను చదివింది ఒక్క ముక్క కూడా నాది కాదు. కూలికి చదివాను" అన్నాను. ఆ మాటకి అక్క ముఖం చూడలేకపోయాను. నేను చెప్పానని తను ఎన్ని మానేసిందో, నిన్ను ఎన్ని మాన్పించిందో ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. సాయంత్రాలు తలుపులు వేసుకోమన్నది కూడా నీది కాదా అంది. కాదన్నాను. ఏడ్చింది. కరిగిందనుకున్నాను. అప్పుడు కళ్లు తుడుచుకుని అడిగింది.

"సరే, అవన్నీ నీవి కావు. మరి నీ మాటేది? నా కూతురి గురించి నీ సొంత మాట ఒక్కటి చెప్పు. అది విని ఈ తాళం సంగతి చూస్తాను."

నోరు తెరిచాను. ఏమీ రావడం లేదే. తెరిచినప్పుడల్లా ఎప్పుడో చదివిన వాక్యాలే నాలుక మీదికొస్తున్నాయి, అవి మింగితే ఇంకేం లేదు. కాగితం లేకుండా నేను మాట్లాడి ఎన్నేళ్లయిందో! అక్క అలా చూస్తూ కూర్చుంది. నీకు రాయడం వచ్చు, చదువుకున్నావు. నాలుగు వాక్యాలు రాసివ్వు, చదివేస్తాను. బాగా చదువుతాను, నీ మీద ఒట్టు. త్వరగా.

*

తలుపుకి లోపల

పిన్నీ,

మొదలుపెట్టాను. "అక్కా, నీ కూతురికి ఏ జబ్బూ లేదు, దాని ప్రేమ అందరి ప్రేమలాంటిదే" అని రాశాను. బాగుంది. నువ్వు చదివితే ఇంకా బాగుంటుంది, అమ్మ ఏడుస్తుంది, తాళం తీస్తుందేమో కూడా. రేపు ఇంకెవరో ఇంకో కాగితం ఇస్తారు. అదీ అంతే బాగుంటుంది. అమ్మ మళ్లీ ఏడ్చి మళ్లీ తాళం వేస్తుంది. ఇందాకటి నుంచీ నాలుగుసార్లు రాసి చింపాను.

రాసివ్వను. నా గురించి ఎవరో రాసింది నువ్వు చదవడం చాలించు. ఆ ఎవరో నేనైనా సరే.

ధైర్యంతో రాస్తున్న మాట కాదు ఇది. నువ్వు చెప్పలేకపోతే నా పని అయిపోయినట్టేనని నాకు తెలుసు. అందంగా రానక్కర్లేదు. తడబడు, మధ్యలో ఆగిపో, ముక్కు చీదు. నాకు అర్థం కాలేదక్కా అనే అను, అదీ నీదే. నేనంటే నీకు కొంచెం ఏవగింపు ఉంటే ఉందనే చెప్పు, కానీ పంపొద్దని చెప్పు. అమ్మ ఇన్నాళ్లూ తప్పులేని గొంతే వింది. తప్పులతో మాట్లాడే చెల్లెలు తనకి ఎప్పుడూ దొరకలేదు.

బయట బండి ఆగింది. హారన్ కొడుతున్నారు. అమ్మ కుర్చీ జరిపిన చప్పుడు వినబడుతోంది.

నేను తలుపుకి ఆనుకునే కూర్చున్నాను. ఏదో ఒకటి అను పిన్నీ.